ఆ అట్ట తీసెయ్‌రా అల్లుడూ

ఫిలింనగర్‌లో నీ టిఫిన్ సెంటర్ ముందు ‘ఫోన్‌పే లేదు, క్యాష్ మాత్రమే’ అని అట్ట కట్టావట, మీ అమ్మ చెప్పింది. బెంగళూరు నోటీసుల కథ విని బెదిరి ఉంటావు. 2025 జులైలో అక్కడి వాణిజ్య పన్నుల శాఖ యూపీఐ లెక్కలు ముందేసుకుని చిన్న దుకాణాలకి నోటీసులిచ్చింది. వాళ్లూ ఇలాగే అట్టలు కట్టారు. చివరికి ప్రభుత్వమే మెత్తబడిందిలే. కానీ నోటిచ్చినా, స్కాన్ చేసినా ఇడ్లీ ఇడ్లీయే కదరా, పన్ను అమ్మకాన్ని బట్టే.

బ్యాంకు కోసుకునేది, సర్కారుకి కట్టేది కలిపేసి భయపడుతున్నావు. ఖాతాలోంచి ఖాతాలోకి వచ్చే యూపీఐకి, రూపే డెబిట్ కార్డుకి 2020 జనవరి నుంచి వ్యాపారి దగ్గర పైసా తీసుకోరు. మిగతా డెబిట్ కార్డులకి, ఏడాదికి 20 లక్షలలోపు అమ్మేవాడి దగ్గర స్వైపింగ్ మెషిన్ మీద నూటికి 40 పైసలు మించకూడదని 2018 జనవరి నుంచే రిజర్వు బ్యాంకు నిబంధన. గట్టిగా గిల్లేది క్రెడిట్ కార్డు. దానికి అలాంటి హద్దు లేదు, ఇంచుమించు 2 శాతం పోతుంది, బిల్లు 2,000 దాటితే ఆ ఛార్జీ మీద మళ్లీ 18 శాతం జీఎస్టీ. ఇడ్లీ, దోసె అమ్మే నీకు ఆ మెషిన్ ఎందుకు? క్యూఆర్ చాలు.

ఇక జీఎస్టీ. మన తెలంగాణలో ఏడాది అమ్మకం 20 లక్షలు దాటితే రిజిస్ట్రేషన్ తప్పదు. రోజుకి ఐదున్నర వేలు గల్లాలో పడుతుంటే దాటేసినట్టే, చూసుకో. హోటళ్లకి కాంపోజిషన్ స్కీమ్‌లో అమ్మకం మీద 5 శాతం. అది గిరాకీ దగ్గర విడిగా వసూలు చెయ్యకూడదు. నలభై రూపాయల ప్లేటు మీద రెండు రూపాయలన్నమాట. నొప్పే, కాదనను. రేటు వేసేటప్పుడే కలుపుకో. దాచిపెట్టి తర్వాత వడ్డీతో కట్టాల్సొస్తే అప్పుడు ఏడుస్తావు.

ఆదాయపు పన్నులోనైతే నగదే నష్టం. పద్దులు పెట్టని చిన్న వ్యాపారికి నగదు అమ్మకంలో కనీసం 8 శాతం లాభమని లెక్కేస్తారు, బ్యాంకు ద్వారా వచ్చినదాంట్లో 6.

కృష్ణానగర్ జూనియర్ ఆర్టిస్టులు చిల్లర ఇస్తారేమో గానీ, యూనిట్ మొత్తానికి టిఫిన్లు చెప్పే ప్రొడక్షన్ మేనేజర్ ఇవ్వడు. ఒకే రోజు ఒకరికి 10,000 మించి నగదిస్తే ఆ ఖర్చు కంపెనీ లెక్కలో చెల్లదు. బిల్లు, ఖాతా నంబరు అడుగుతాడు. లేవంటే పక్క హోటల్‌కి పోతాడు.

చిట్టీ డబ్బు, మీ అత్తగారు పంపేది, కొట్టు అమ్మకం అన్నీ నీకు ఒకే ఖాతాలో పడుతున్నాయి. రేపు నోటీసొస్తే అంతా అమ్మకమే అనుకుంటారు. కొట్టుకి వేరే కరెంట్ ఖాతా తెరువు. ఆడిటర్ దగ్గరికి నేనూ వస్తాను, మొదటి ఫీజు నాది.