తనకు మాలిన ధర్మం

"తనకు మాలిన ధర్మం, మొదలు చెడ్డ బేరం" అన్నారు పెద్దలు. ఈ సామెతను ఎవరో ఇల్లాలే కట్టి ఉంటుందని నా అనుమానం. అన్నం పెట్టాడన్న పేరు ఇంటాయనది, వేళగాని వేళ మళ్లీ ఎసరు పడేసే పని ఇల్లాలిది. ఆమాత్రం మాట అననివ్వకపోతే ఎలా?

సామెతలో తప్పేమీ లేదు. అప్పుచేసి దానం చెయ్యమని ఏ ధర్మమూ చెప్పదు. చిక్కల్లా ఆ "మాలిన" అన్న మాటతోనే. అది ఎక్కడ మొదలవుతుంది? పొలం గట్టును ఏటా జానెడు ఇవతలికి జరిపినట్టు, ఆ హద్దును మనం మనవైపే జరుపుకుంటూ వస్తాం. నిద్ర చెడితే తనకు మాలిన ధర్మం. బస్సు తప్పితే తనకు మాలిన ధర్మం. ఉతికిన చీర నలిగినా అంతే!

మా కోనసీమలో గుడిగంట, చర్చిగంట ఒక్క గాలిలోనే వినిపిస్తాయి. అందుకని లూకా సువార్తలోని మంచి సమరయుని కథ, చర్చికి వెళ్లని మాబోటివాళ్లకూ చిన్నప్పటి నుంచీ తెలుసు. యెరూషలేము నుంచి యెరికో వెళ్లే దారిలో దొంగలు ఒకణ్ణి కొట్టి, కొనప్రాణంతో వదిలేస్తారు. ఒక యాజకుడు చూసి పక్కనుంచి పోతాడు. తర్వాత ఒక లేవీయుడూ అంతే. యూదులు దగ్గరికి రానివ్వని సమరయుడు మాత్రం ఆగి, నూనె, ద్రాక్షారసం పోసి గాయాలు కట్టి, తన వాహనం మీద ఎక్కించుకుని పూటకూళ్ల ఇంటికి చేరుస్తాడు.

ఈ కథను నేను లెక్కలపుస్తకం చదివినట్టు చదువుతాను. సమరయునికి ఏం ఖర్చయింది? కాస్త నూనె, కాస్త ద్రాక్షారసం, ఒక రాత్రి, రెండు దేనారాలు, అంటే రెండు రోజుల కూలి. మర్నాడు, పైన ఏమైనా అయితే తిరిగివచ్చినప్పుడు ఇస్తానని పూటకూళ్లవాడికి చెప్పి, తన దారిన తాను వెళ్లాడు. ప్రయాణం మానుకోలేదు, ఆస్తి రాసివ్వలేదు. చూశారా! మొదలు చెడలేదు. చెడింది వీలు మాత్రమే. వీలుకీ మొదలుకీ తేడా తెలియక కాదూ మనం సామెతను అడ్డుపెట్టుకునేది?

మన గడ్డ మీద ఇటువంటి కథే ఇంకొకటుంది. లంకల గన్నవరం డొక్కా సీతమ్మగారు (1841-1909) గోదావరి పాయలు దాటి వేళాపాళా లేకుండా వచ్చే బాటసారులకు ఎన్నో ఏళ్లు అన్నం పెట్టారు. అంతర్వేది నరసింహస్వామిని చూడాలని ఒకసారి ఎట్టకేలకు బయల్దేరారట. దారిలో ఆకలితో నకనకలాడుతున్న ఒక కుటుంబం, గన్నవరం చేరితే సీతమ్మగారింట్లో అన్నం దొరుకుతుందని పిల్లల్ని ఊరడిస్తూ ఉండటం ఆవిడ చెవిన పడింది. అంతే, వెనక్కి తిరిగి, వాళ్లకంటే ముందు ఇల్లు చేరి పొయ్యి రాజేశారని చెప్పుకుంటారు. అక్కడ యాజకుడు ఆగకుండా వెళ్లాడు, ఇక్కడ ఈవిడ దేవుణ్ణే ఆగమన్నారు. గన్నవరం దగ్గర వైనతేయ మీది కొత్త అక్విడెక్టుకు ఆవిడ పేరు పెట్టారు. 2024లో రాష్ట్ర ప్రభుత్వం బడిపిల్లల మధ్యాహ్న భోజనానికీ ఆ పేరే పెట్టింది.

"అందరమూ సీతమ్మలం కాగలమా? మాకు విసుగొస్తుందమ్మా" అంటారు మీరు. నాకూ వస్తుంది. విసుక్కుంటూ చేసిన సాయం సాయమేనా అన్నది నాకు చాలాకాలంగా ఉన్న ప్రశ్న. 1996 నవంబరు 6 రాత్రి తుపాను మా కోనసీమను ఊడ్చేసింది. వెయ్యిమందికి పైగా పోయారు. కొబ్బరిచెట్లు లక్షల్లో కూలాయి. మా ఊళ్లో నిలిచిన కొద్ది ఇళ్లలో ఒకటి చర్చి పక్కనుండే టీచరమ్మగారిది. ఆ రాత్రి తలుపు తట్టినవాళ్లందరినీ ఆవిడ లోపలికి రానిచ్చింది. ఊరుకుందా? "బురదకాళ్లతో అలా నడిచేస్తారేమర్రా! ఉన్న బియ్యం ఇవ్వాళే ఉడికిస్తే రేపు మన్ను తింటామా?" అని సణుగుతూనే గంజి కాచి పోసింది. ఆ సణుగుడు ఎవరి కడుపునా గుచ్చుకోలేదు. తండ్రి పనికి వెళ్లమంటే వెళ్లనన్న కొడుకు తర్వాత మనసు మార్చుకుని వెళ్లాడు, వెళ్తానన్నవాడు వెళ్లనేలేదు. ఈ కథ మత్తయి సువార్తలో ఉంది. మాటకన్నా చేతనే లెక్కవేశాడు ఏసు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఆ టీచరమ్మగారి చేతి మంచినీళ్లు అంతవరకూ ముట్టని ఇళ్లవాళ్లు కూడా ఆ రాత్రి ఆవిడ గంజి తాగారు. సమరయుని కథ వినేటప్పుడు మనమంతా ఎప్పుడూ ఇచ్చేవాళ్ల స్థానంలోనే కూర్చుంటాం. దారిపక్క పడి ఉన్నది మనమే అయితే? వచ్చిన చెయ్యి మనం దూరం పెట్టినవాళ్లదే అయితే? ఆ కథలో అసలు ముల్లు అక్కడుంది. అందుకేనేమో, పొరుగువాడంటే ఎవరని అడిగినవాడికి నిర్వచనం చెప్పకుండా, పడినవాడికి పొరుగువాడైంది ఎవరో నువ్వే చెప్పమన్నాడు ఏసు.

రోజులు మంచివి కావు, ఒంటరి ఆడది అర్ధరాత్రి ఎవరికని తలుపు తీస్తుంది అంటారా? తీయవద్దు. సమరయుడు కూడా పూటకూళ్లవాడి సాయం తీసుకున్నాడు. కిటికీలోంచి నాలుగు మాటలు, పక్కింటివాళ్లకొక కేక, 108కి ఒక ఫోను, ఇవీ సాయమే. మా అమలాపురం, రాజోలు మీదుగా పోయే 216 నంబరు జాతీయ రహదారి మీద ఎవరైనా పడి ఉంటే, పోలీసులూ కోర్టులూ అని జంకనక్కర్లేదు. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించి, గాయపడినవారిని ఆదుకున్నవాళ్లకు రక్షణ కల్పించారు. పేరు చెప్పమని కూడా బలవంతం చెయ్యకూడదు. ఆ చట్టం వాళ్లను పిలిచే పేరేమిటో తెలుసా? "మంచి సమరయుడు" అనే!

కనుక ఈసారి "తనకు మాలిన ధర్మం" అన్న మాట నోటిదాకా వచ్చినప్పుడు ఒక్క క్షణం ఆగి, నాకు పోయేదేమిటి, అవతలివాళ్లకు పోయేదేమిటి అని రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. నిజంగా మొదలే చెడేటట్టుంటే సామెత చెప్పినట్టే వినండి. చెడేది ఒక కునుకో, ఒక సీరియలో అయితే మాత్రం, సణుక్కుంటూనైనా సరే, లేచి ఎసరు పెట్టండి.