‘వోక్’ని తెలుగులో ఏమనాలి?

ఆఫీసు కబుర్లలోనూ సినిమా చర్చల్లోనూ ‘వోక్’ అనే మాట ఇప్పుడు రెండు రకాలుగా వినిపిస్తోంది. కొందరు తమకి తాము తగిలించుకునే బ్యాడ్జి, కొందరు ఎదుటివాళ్ళ మీద విసిరే తిట్టు. ఎలా వాడినా అది మనిషి ఎలాంటివాడో చెప్పే విశేషణమే. మొదట్లో అది హెచ్చరిక.

1931లో అమెరికాలోని అలబామాలో తొమ్మిదిమంది నల్లజాతి కుర్రాళ్ళ మీద అత్యాచారం చేశారని తప్పుడు కేసు పెట్టారు. ఎనిమిదిమందికి మరణశిక్ష వేశారు. తర్వాత ఆ శిక్షలు అమలు కాలేదు గానీ, వాళ్ళ జీవితాలు జైళ్ళపాలయ్యాయి. ఆ స్కాట్స్‌బరో కేసు మీద పాట కట్టిన లెడ్ బెల్లీ, 1938 నాటి రికార్డింగులో, అటువైపు వెళ్ళే తనవాళ్ళకి చెప్పిన మాట ‘స్టే వోక్’. నల్లవాళ్ళ వాడుకలో ‘వోక్’ అంటే మేలుకుని ఉండటం. 2014లో ఫెర్గూసన్‌లో మైకేల్ బ్రౌన్‌ని పోలీసు కాల్చి చంపాక ఆ మాట అందరి నోళ్ళలోకీ వచ్చింది. 2017లో ఆక్స్‌ఫర్డ్ నిఘంటువులో ఈ కొత్త అర్థం చేరింది.

దీన్ని తెలుగులో ఏమనాలి? ‘చైతన్యవంతుడు’ అంటే సభలో శాలువా కప్పినట్టుంటుంది. సరైన మాట మన ఇళ్ళలోనే ఉంది: జాగ్రత్త. మెలకువగా ఉండటం అనే అర్థమున్న సంస్కృత ‘జాగ్రత్’ నుంచే అది వచ్చింది. రాత్రి బస్సెక్కే కూతురికి అమ్మ చెప్పేదీ అదే.

ఇలా అనువదిస్తే ఒక సంగతి తేలుతుంది. జాగ్రత్త అవసరం ప్రమాదంలో ఉన్నవాళ్ళకి. హైదరాబాద్‌లో అద్దె ఇంటికెళితే ఓనరు ‘మీ ఇంటిపేరేంటి?’ అంటాడు. ఆ ప్రశ్న వెనకున్న ప్రశ్నకి జవాబు ముందే సిద్ధం చేసుకోవాల్సిన మనిషికి మెలకువ బతుకు తెరువు. ఏ పేరు చెప్పినా ఇల్లు దొరికేవాడికి అదొక సమాచారం, అంతే.

అలాగని ఆ సమాచారం వ్యర్థమా? కాదు. అదీ లేకపోతే ఎవరూ కదలరు. ఆ మాటని ఎగతాళి చేసేవాళ్ళలో చాలామందికి కావలసింది తమ నిద్ర చెడకపోవడమే. కానీ పక్కింట్లో దొంగలు పడ్డ రాత్రి ‘నేను మేలుకునే ఉన్నాను’ అని ఎవరూ గొప్పగా చెప్పుకోరు. చెప్పుకుంటే, వినేవాళ్ళు వెంటనే అడుగుతారు కదా, మరి నువ్వేం చేశావని!

ప్రమాదం లేనివాళ్ళు ‘వోక్’ అని చెప్పుకున్నప్పుడు అడగాల్సిందీ అదే. ఓనరు ఆ ప్రశ్న వేసినప్పుడు పక్కనే ఉన్నవాడు ‘అదెందుకండీ?’ అన్నాడా, లేదా?