మన కొలతకు కుట్టిన వస్త్రము

మూలవాక్యము: 1 సమూయేలు 17:38-40
చదువవలసిన భాగములు: ఆదికాండము 3:7, 21, అపొస్తలుల కార్యములు 9:36-41



ఏలా లోయలో ఇశ్రాయేలీయుల దండు భయపడి నిలిచియుండగా, గొల్యాతును ఎదుర్కొనుటకు బేత్లెహేము గొఱ్ఱెల కాపరి ఒకడు ముందుకు వచ్చెను. సౌలు రాజు అతనిమీద దయ తలచి తన యుద్ధసామగ్రిని అతనికి తొడిగించెను. తలమీద రాగి శిరస్త్రాణము, ఒంటిమీద కవచము, నడుమున కత్తి. ఈ సౌలు జనులందరికంటె తలయెత్తు ఎక్కువగలవాడని అదే గ్రంథము 9వ అధ్యాయములో చదువుచున్నాము. దావీదో పడుచువాడు. ఆ కవచము రాజుగారిది, విలువగలది, దానిలో లోపమేమియు లేదు. అయినను దానిని తొడుగుకొని దావీదు నడువలేకపోయెను. తనకు అలవాటు లేదని చెప్పి తీసివేసెను. అతడు తన శరీరమును నిందించుకొనలేదు. నేనేల సౌలంత పొడవు పుట్టలేదని ఏడ్వలేదు. తన కఱ్ఱ, తన సంచి, తన వడిసెల తీసికొని, వాగులో అయిదు నున్నని రాళ్లు ఏరుకొని బయలుదేరెను.

ఈ మాసము స్త్రీల వస్త్రధారణనుగూర్చి ధ్యానించుచు ఈ వాక్యమును ఎందుకు తీసికొంటిమనగా, మన సంఘములలో ఎందరో సహోదరీలు సౌలు కవచము తొడుగుకొని నడువలేక నడుచుచున్నారు. ఇంకొకరి ఒంటిమీద బాగుండిన చీర తమ ఒంటిమీద బాగుండలేదని చీరను కాక శరీరమునే తప్పుపట్టుచున్నారు. నేను లావు, నేను పొట్టి, నేను బక్క అని తమ్మును తామే చిన్నబుచ్చుకొనుచున్నారు. రెండవ కాన్పు తరువాత పాత రవికెలు పట్టక, నలుగురు నవ్వుదురని ఆదివారపు ఆరాధన మానుకొను తల్లులు కలరు. ప్రభురాత్రి భోజనపు బల్లయొద్దకు లేచి పోవలెనన్న, వెనుకనున్నవారు చూతురని సిగ్గుపడి చాపమీదనే కూర్చుండిపోవువారు కలరు. ఒక రవికె బిగువు ఒక ఆత్మను ప్రభువు బల్లకు దూరము చేయుచున్నదనిన, అది ప్రసంగ పీఠమునుండి చెప్పదగని చిన్న సంగతి కాదు.

మన ప్రభువు కొండమీద బోధించుచు, వస్త్రముకంటె శరీరము గొప్పదని సెలవిచ్చెను (మత్తయి 6:25). మనము నేడు నేర్చుకొనవలసిన పాఠము ఇదే. వస్త్రము శరీరముకొరకు ఏర్పడినది. శరీరము వస్త్రముకొరకు ఏర్పడలేదు. శరీరము ఇంటి యజమానురాలు, వస్త్రము దాని పనికత్తె. పనికత్తెకు పని సరిగా రానప్పుడు యజమానురాలిని ఇల్లు వెడలగొట్టుదుమా?

మొదటిది: మన దేవుడు మన కొలత ఎరిగినవాడు.

ఆదాము హవ్వలు పాపము చేసి సిగ్గుపడి, అంజూరపు ఆకులు కుట్టుకొనిరి. సిగ్గు కుట్టిన వస్త్రము అది. అది నిలువదు, వాడిపోవును. దేవుడు వారిని శిక్షించెను గాని, ఆ ఆకులతోనే బయటికి పంపలేదు. తానే చర్మపు వస్త్రములు చేసి వారికి తొడిగించెను. మనుష్యునికి మొదటి వస్త్రము కుట్టినవాడు దేవుడే. ఆయన చేసినది ఆదామునకు ఆదాముకొలత, హవ్వకు హవ్వకొలత అనుటకు సందేహమేల?

హన్నానుగూర్చి ఆలోచించుడి. ఆమె ఏటేట షిలోహుకు పోవునప్పుడెల్ల బాలుడైన సమూయేలునకు చిన్న అంగీ ఒకటి కుట్టి తీసికొనిపోవుచుండెను (1 సమూయేలు 2:19). ఏటేట ఎందుకు? బిడ్డ పెరుగుచున్నాడు గనుక. పోయిన యేటి అంగీ ఈ యేట పట్టలేదేమని ఏ తల్లియైనను బిడ్డమీద కోపపడునా? కొత్త కొలతకు కొత్త అంగీ కుట్టును. అట్లయితే, తల్లులారా, బిడ్డలను మోసి, కని, పాలిచ్చి, పొలములో వంగి నాట్లు వేసి మారిపోయిన మీ శరీరముమీద మీకేల కోపము? హన్నా సమూయేలునకు చూపిన కనికరమును మీకు మీరు చూపుకొనుడి.

తరువాత యొప్పేలోని తబితా, అనగా దొర్కా. ఆమె చనిపోయినప్పుడు విధవరాండ్రు పేతురు చుట్టు నిలిచి ఏడ్చుచు, ఆమె కుట్టియిచ్చిన అంగీలను వస్త్రములను చూపిరి. కొలత తీయక ఎవరును కుట్టలేరు. ఆ విధవరాండ్రలో ఒకతె వంగిపోయినదై యుండవచ్చును, ఒకతె తిండిలేక చిక్కినదై యుండవచ్చును. లోకము కన్నెత్తి చూడని ఆ శరీరములను దొర్కా దగ్గరకు తీసి, ఎవరి కొలత వారికి చూచి కుట్టెను. అటువంటి చేతులు సంఘమునకు ఇంకను కావలెనని దేవుడు పేతురు ప్రార్థన ఆలకించి ఆమెను లేపెను.

రెండవది: వస్త్రము మన ఘనతకు గుర్తు.

దక్షిణ తిరువాన్కూరులో, నేటి కన్యాకుమారి జిల్లా ప్రాంతమున, నాడారు కులపు స్త్రీలు పై కులములవారి యెదుట రొమ్ము కప్పుకొనరాదను కట్టడి యుండెను. లండను మిషను వారి బోధ విని సువార్త నంగీకరించిన స్త్రీలు రవికెలు కుట్టుకొని తొడుగుకొనసాగిరి. దానికై వారు కొట్టబడిరి, వారి బట్టలు చింపబడెను, ప్రార్థనాలయములును బడులును తగులబెట్టబడెను. 1829లో వచ్చిన ప్రకటన క్రైస్తవ స్త్రీలకు రవికెను ఒప్పుకొనెను గాని పైవస్త్రమును ఒప్పుకొనలేదు. వారు పట్టు విడువలేదు. హిందువులైన నాడారు స్త్రీలును ఆ పోరాటములో కలిసిరి. తుదకు 1859 జూలై 26వ తేదీని, నాడారు స్త్రీలు శరీరము కప్పుకొనవచ్చునని రాజు ప్రకటన చేసెను. అందులోను పై కులపు స్త్రీల రీతిగా కప్పుకొనరాదని ఒక షరతు మిగిలియుండెను.

మన తెలుగు పల్లెలలోను చెప్పులు తొడుగుకొని పెద్ద వీధిలో నడువరాదను కట్టడి మన పెద్దలు అనుభవించినదే. ఒంటిమీద ఏమి వేసికొనవలెనో పరులు శాసించుట ఎంత భారమో మనకు తెలియును. ఆ స్త్రీలు దెబ్బలు తిని సంపాదించిన ఘనతను, నేడు మనము ఒక ఎగతాళి మాటతో తీసివేయుచున్నాము. ఆరాధన ముగియగానే గుడి వాకిట నిలిచి, "ఏమమ్మా, ఇంత ఒళ్లు చేసినావు" అనుట పలకరింపు కాదు. అది ఒంటిమీది వస్త్రమును నాలుకతో లాగుటయే.

మూడవది: మన శరీరమునకు తగినట్లు తొడుగుకొనుట వివేకము.

ఈ విషయములో పురుషులు ఎక్కువ మాటలాడుట తగదు. కావున స్త్రీల సమాజపు పెద్దమ్మలును, కుట్టుపని తెలిసిన సహోదరీలును చెప్పినదానినే ఇక్కడ వ్రాయుచున్నాము.

ముందు కొలత. రెండేండ్లనాటి జాకెట్టును ఆది యిచ్చి, కొత్తది బిగువైనదని దుఃఖపడి లాభము లేదు. శరీరము మారినప్పుడెల్ల కొలత మరల ఇయ్యవలెను. రెండు ప్రక్కల కుట్టు లోపల అంగుళము గుడ్డ వదలమని చెప్పిన, ఒళ్లు వచ్చినప్పుడు కుట్టు విప్పి వదులు చేసికొనవచ్చును. అంగళ్లలో దొరకు రవికెలమీద 34 అనియు 38 అనియు 42 అనియు అంకెలుండును. అవి గుడ్డకు వేసిన అంకెలే గాని మనిషికి వేసిన మార్కులు కావు. ఒక అంగడిలో 38 పట్టినవారికి మరియొక అంగడిలో 40 కావలసి యుండవచ్చును.

తరువాత చీర. అది సుమారు అయిదున్నర మీటర్ల గుడ్డ. కత్తెర పడనిది గనుక ఏ ఒంటికైనను ఒదుగును. కుచ్చిళ్లు ఒకటి రెండు పెంచినను తగ్గించినను చాలును. పొట్టివారికి పెద్ద అంచు ఎత్తును సగమునకు కోసినట్లు చూపును. సన్న అంచు, ఒకే రంగు, సన్నని కుచ్చిళ్లు వారికి తగియుండును. పొడవుగా సన్నగా నున్నవారికి గంజి పెట్టిన నేతచీర, వెడల్పు అంచు, పెద్ద గళ్లు నిండుదనమిచ్చును. లావుగా నున్నవారికి బిరుసు గుడ్డకంటె మెత్తగా జారు గుడ్డ, చిన్న పూవులు, నిలువు చారలు మేలు. రవికె చేతిని చెయ్యి లావైన చోటనే ఆపక, మోచేతివరకు దింపిన తీరుగా నుండును. పాలిచ్చు తల్లులకు హుక్కులు ముందు వైపుండుట సుఖము. ముసలితల్లుల చీర నేల రాయకుండ చీలమండపైకి ఉండవలెను. కుచ్చిళ్లు కాలికి తగిలి పడిన ఎముక విరుగును. పొలము పనికి పోవు సహోదరీలు రవికెమీద భర్త పాత చొక్కా తొడుగుకొందురు. ఎండకును గడ్డి కోతకును అది తగిన వస్త్రమే. నవ్వువారు ఒక్క గంట ఆ ఎండలో నిలిచి చూతురు గాక.

చదువుకొను మన కన్యలు చుడీదారు తొడుగుచున్నారు. అది తగునా అని కొన్ని సంఘములలో వాదములు కలుగుచున్నవి. చీరకైనను చుడీదారుకైనను మూడు పరీక్షలు పెట్టుకొనుడి. దానితో చేతులెత్తి పాట పాడగలమా? మోకరించి లేవగలమా? బిడ్డను ఎత్తుకొని నడువగలమా? మాటిమాటికి సవరించుకొనక ఈ మూడును చేయనిచ్చు వస్త్రము మన కొలతకు కుట్టినదే. ఫోనులో కనబడు బొమ్మలతో మీ శరీరమును పోల్చుకొనకుడి. వాటిలో అనేకములు నడుము సన్నము చేసి, రంగు మార్చి దిద్దినవి. దిద్దిన బొమ్మ సౌలు కవచముకంటెను అన్యాయమైనది. సౌలు కవచమైనను ఒక మనుష్యునికి పట్టెను.

నాలుగవది: అణకువ అనగా సిగ్గుపడుట కాదు.

పౌలు తిమోతికి వ్రాసిన మొదటి పత్రిక 2వ అధ్యాయమును, పేతురు మొదటి పత్రిక 3వ అధ్యాయమును చూపి, క్రైస్తవ స్త్రీ తనను చక్కగా దిద్దుకొనరాదని కొందరు చెప్పుదురు. ఆ భాగములను జాగ్రత్తగా చదువుడి. జడల అలంకారమును, బంగారమును, ముత్యములను, మిగుల వెలగల వస్త్రములను అపొస్తలులు హెచ్చరించిరి. అనగా ధనాడంబరమును హెచ్చరించిరి. స్త్రీ శరీరము సిగ్గుపడదగినదని వారు ఎక్కడను వ్రాయలేదు. సామెతలు 31వ అధ్యాయములోని గుణవతి తనకు మంచి వస్త్రములు తానే సిద్ధపరచుకొనెను. బలమును ఘనతయు ఆమె వస్త్రములని ఆ అధ్యాయమే చెప్పుచున్నది. వంగి, ముడుచుకొని, పైట వెనుక దాగి నడుచుట అణకువ కాదు. దేవుడిచ్చిన శరీరమును శుభ్రముగా, నిండుగా, తగినట్లు కప్పుకొని తల యెత్తి నడుచుట అణకువ.

అయితే అప్పు చేసి పట్టుచీర కట్టుట ధైర్యము కాదు. వడ్డీకి తెచ్చిన జరీ ఒంటికి బరువు, ఇంటికి బరువు. ఉతికి ఆరవేసిన నేతచీరయు, సరిగా కుట్టిన రవికెయు చాలును. నర్సాపురము ప్రాంతపు స్త్రీలు మిషనరీలయొద్ద నేర్చిన లేసు అల్లిక దేశదేశముల వస్త్రములకు అలంకారమైనది. 2024లో దానికి భౌగోళిక గుర్తింపును వచ్చెను. తక్కువ ఖర్చుతో చేతిపని ఎంత అందమిచ్చునో దానివలన తెలియుచున్నది.

కాబట్టి ప్రియులారా, ఈ మాసము మన సంఘములలో రెండు పనులు చేయుదము. ఒకటి, ఎవరి ఒంటినిగూర్చియు గుడిలోగాని వాకిటగాని మాటలాడకుందము. భర్తలు భార్యలను, అత్తలు కోడండ్రను, అన్నలు చెల్లెండ్రను ఈ విషయములో ఎగతాళి చేయకుందురు గాక. రెండు, క్రిస్మసు పండుగకు మనము విధవరాండ్రకు చీరలు పంచుచున్నాము. చీర యిచ్చి రవికె కుట్టించని దానము సగము దానమే. కుట్టుకూలి లేక ఆ చీరలు పెట్టెలలోనే ఉండిపోవుచున్నవి. ఈసారి స్త్రీల సమాజమువారు టేపు తీసికొని వారి యిండ్లకు పోయి, ఒక్కొక్కరి కొలత వ్రాసికొని, రవికెతో కూడ చీర ఇత్తురు గాక. దొర్కా చేసినది అదే.

ప్రార్థన: మమ్మును తల్లి గర్భమునందు నిర్మించిన తండ్రీ, నీ చేతిపనిని మేము నిందించకుండ మమ్మును కాపాడుము. సిగ్గుపడి నీ బల్లకు దూరమైన మా సహోదరీలను తిరిగి తోడుకొని రమ్ము. మా నాలుకలకు కావలి యుంచుము. మా చేతులకు దొర్కా సూది నిమ్ము. యేసు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.