కోరని కొలువు

కోరికతో చేసిన కర్మ మనుష్యుని బంధించునని పెద్దలు చెప్పుదురు. కోరికయే లేని పనికొరకు పోయి నిలువవలసి వచ్చినప్పుడు మనస్సు ఏమి చేయవలెను? ఈ ప్రశ్న అరణ్యములందలి తపస్వులకంటె, ఉద్యోగపు ఇంటర్వ్యూకు పిలుపు వచ్చిన గృహస్థుల బిడ్డలకే ఎక్కువగా ఎదురగుచుండును.

జంషెడ్‌పూరునే చూడుడు. సాక్చి అను పల్లెకు జంషెడ్జీ టాటా పేరు వచ్చినది 1919లో. అంతకుముందే, 1912లో, అచట ఉక్కు తయారైనది. శ్రీకాకుళము, విశాఖపట్టణము సీమలనుండి ఎందరో తెలుగువారు ఆ కొలుములను నమ్ముకొని వెళ్లి తరతరములుగా అచటనే స్థిరపడిరి. తాను బ్రతికిన కర్మాగారముననే కొడుకును బ్రతుకవలెనని తండ్రి కోరుట అట్టి ఇండ్లలో సహజము. కొడుకు మనస్సు సంగీతముపైననో, బోధనపైననో ఉండవచ్చును. అయినను తండ్రి మాట కాదనలేక, పిలుపు ఉత్తరము చేతబట్టి బల్లపై కూర్చుండును. మా సంస్థలో ఏల చేరగోరుచున్నావని లోపల అడుగుదురు. అతడేమి చెప్పవలెను?

లేని ఉత్సాహమును ముఖమున పులుముకొని మాటలల్లువారు కొందరు. తెలిసిన సమాధానమును తెలియదని చెప్పి, కావలెనని తప్పిపోవువారు మరికొందరు. ఈ రెండవవారు తమ చేష్టకు వైరాగ్యమని పేరు పెట్టుకొనుట వింత! ‘ప్రయత్నించితిని, రాలేదు’ అని ఇంటికి వచ్చి చెప్పువాడు తండ్రిని మోసగించెను; ప్రశ్నించినవారిని మోసగించెను; నేర్చిన విద్యను అవమానించెను. అదే బల్లపై తన ప్రక్కన కూర్చున్నవానిని అతడు చూచినాడా? సరాయికెలా దాపున ఏ పల్లెనుండియో తెల్లవారకముందే బయలుదేరి వచ్చినవాడు కావచ్చును. ఇతడు తప్పించుకొనగోరు ఉద్యోగమే అతని ఇంట అన్నము.

కోరిక లేకుండుట వేరు, శ్రద్ధ లేకుండుట వేరు. ఇందుకు దృష్టాంతము టాటా సంస్థల చరిత్రలోనే కలదు. 1945లో జంషెడ్‌పూరున రైలు ఇంజనుల నిర్మాణమునకై ఏర్పడిన టెల్కో సంస్థ 1974లో ఇంజనీర్లు కావలెనని ప్రకటించుచు, స్త్రీలు దరఖాస్తు చేయనక్కరలేదని వ్రాసినది. బెంగుళూరున ఎం.టెక్. చదువుచున్న సుధా కులకర్ణి (తరువాత సుధా మూర్తి) దానిని చూచెను. ఆమెకు ఆ ఉద్యోగముపై ఆశ లేదు. విదేశమున పరిశోధనకు పోదలచియుండెను. కాని అన్యాయమును చూచి ఊరకుండలేక జె.ఆర్.డి. టాటాకు పోస్టుకార్డు వ్రాసెను. పూనాకు రమ్మని తంతి వచ్చినది. చీరలు తెచ్చిపెట్టుమని హాస్టలు నేస్తములు తలకు 30 రూపాయలిచ్చిరట! ఎట్లును ఉద్యోగమీయరను తలంపుచే ఆమెకు భయము పోయినది. శ్రద్ధ మాత్రము పోలేదు. సాంకేతిక ప్రశ్నలన్నిటికి సమాధానము చెప్పెను. యంత్రశాలలో స్త్రీలను ఎన్నడును చేర్చుకొనలేదని ఒక వృద్ధాధికారి నచ్చజెప్పబోగా, ఎచటనో ఆరంభింపకున్న ఏ స్త్రీకిని చోటు దొరకదని బదులు చెప్పెను. వారు ఉద్యోగమిచ్చిరి; ఆమె చేరెను.

వేరొక మార్గము చేతనుండగా ధైర్యము సులభమే కదాయని కొందరు అనవచ్చును. నిజమే. 1884లో తండ్రి గతించి ఇంట పస్తులుండగా కలకత్తా కార్యాలయముల చుట్టు తిరిగిన నరేంద్రునకు ఆ సౌలభ్యము లేదు. ఆతని మనస్సు ఈశ్వరునియందుండెను. అయినను తల్లికిని తమ్ములకును అన్నము పెట్టుటకై దరఖాస్తు పట్టుకొని గడప గడప ఎక్కెను. దక్షిణేశ్వరమున జగన్మాత యెదుట మాత్రము ధనము అడుగ నోరాడక, వివేకవైరాగ్యములనే అడిగెను. అక్కర కలదని ఒప్పుకొనుటకు ఆతడు సిగ్గుపడలేదు. దానిని ప్రార్థనగా మార్చుటకు మాత్రము ఇష్టపడలేదు.

జంషెడ్‌పూరు యువకుడు ఇక ఏమి చేయవలెను? తన మనస్సు వేరొకచోట కలదను మాటను పిలుపు దినమునకు ముందే, తండ్రి రాత్రి షిఫ్టు ముగించుకొని వచ్చి కాఫీ త్రాగుచుండగా, ఎదుట కూర్చుండి చెప్పవలెను. తండ్రి కోపింపవచ్చును, కొన్ని దినములు మాటలాడకపోవచ్చును. అయినను ఒక్కసారి వెళ్లిరా నాయనా అని ఆయన బ్రతిమాలినచో వెళ్లవలెను. వెళ్లి, తెలిసినదంతయు తెలిసినట్లే చెప్పవలెను. ఏల వచ్చితివని అడిగినచో, తండ్రిపై గౌరవముచే వచ్చితినని సత్యమే పలుకవలెను. అందువలన ఉద్యోగము రాకపోవచ్చును, ప్రక్కవానికి రావచ్చును.