ఒట్టు ఎందుకు నిలవదు?



ఖరగ్‌పూర్ విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్క్ గేటు దగ్గర షిఫ్టు దిగి వచ్చే మన తెలుగువాళ్ళు ఒకే మాట చెబుతారు: "జనవరి ఒకటిన ఖైనీ మానేశాం భాయీజీ, జీతం రోజుకి మళ్ళీ మొదలైంది." మేము నవ్వలేం. తెల్లవారుజామున నాలుగింటికి లేచి నిత్‌నేమ్ చేస్తామనుకుని ఎన్నిసార్లు అలారం ఆపి పడుకున్నామో!

మనసులోనే పెట్టుకున్న ఒట్టు తప్పితే అడిగేవారుండరు. "నేను మానగలను" అనే ఆ "నేను"నే గురువులు హౌమై అన్నారు. 1699 వైశాఖినాడు తలలివ్వడానికి లేచిన ఐదుగురిలో భాయీ సాహిబ్ సింగ్ తెలంగాణ సరిహద్దునున్న బీదర్ వారే. ఆ ఐదుగురికీ అమృతమిచ్చిన దశమ గురువు, తిరిగి వారి ముందే చేతులు జోడించి అమృతం అడిగారు. గురువే ఐదుగురి ఎదుట నిలబడ్డారు. మనమేమో ఎవరికీ తెలియకుండా మారిపోదామనుకుంటాం.

తప్పినవాడికీ దారుంది. రహిత్ మర్యాద ప్రకారం సంగత్ ముందు ఒప్పుకుంటే తన్‌ఖాహ్‌గా సేవ ఇస్తారు, లంగర్ గిన్నెలు కడగడం లాంటిది. చేతికి పని, పక్కన మనుషులు. అమృతధారి పొగాకు ముట్టుకుంటే మళ్ళీ అమృతం తీసుకోవాల్సిందే, అయినా తలుపు మూయలేదు.

సికిల్‌గర్ అంటే ఆయుధానికి మెరుగు పెట్టేవాడు. కత్తికి తుప్పు పడితే మన పెద్దలు పారేశారా? మళ్ళీ సానకు పెట్టారు.

ఈ ఆదివారం దీవాన్ అయ్యాక, ఏం మానాలనుకుంటున్నారో సంగత్‌లో ఒక్కరికి చెప్పండి. సోమవారం సాయంత్రం ఆయన మీ ఇంటికొచ్చి అడుగుతారు. కోపగించుకోకండి, టీ ఇవ్వండి.