ఒక బెంచీ, ఇద్దరు పంతుళ్ళు

నూజివీడు తోటల్లో మామిడికాయలను సైజులవారీగా ఏరి వేరుచేస్తారు. బేరానికి అది అవసరమే. పంతుళ్ళ శిక్షణలో కూడా మనం పిల్లల్ని అలాగే ఏరుతున్నామని నా అభియోగం. ప్రత్యేకోపాధ్యాయుల శిక్షణను 1992 చట్టం ఒక మండలికి, మామూలు పంతుళ్ళ శిక్షణను 1993 చట్టం మరొక మండలికి అప్పగించాయి. పిల్లలు కూర్చునే బెంచీ మాత్రం ఒకటే! వినికిడిలేని తోటకూలీ బిడ్డ బడికి వస్తే, "అది నా పని కాదు" అనే హక్కు పంతులుకు ఎవరిచ్చారు? ఈ విభజనే.

నైపుణ్యం వద్దనడం లేదు. బ్రెయిలీ, సైగలభాష దయతో రావు, నేర్చుకోవాలి. ప్రాథమిక దశలో అటువంటి పిల్లలు పదిమందికొక ప్రత్యేకోపాధ్యాయుడుండాలని 2021లో సుప్రీంకోర్టు చెప్పింది. మంచిదే. ఆయన లేని గంటలో ఆ బిడ్డ ఎవరి విద్యార్థి? వికలాంగులను కూడా ఉపాధ్యాయులుగా తయారుచేయమని 2016 చట్టం చెప్పింది గదా! వారితో ఒకే గదిలో శిక్షణ పొందిన పంతులు రేపు తన తరగతిలో చూపులేని పిల్లవాణ్ణి చూసి బెదరడు.