రేవులో ఒక దినము

(ధ్యాన భాగములు: అపొస్తలుల కార్యములు 21:3–6, 27:3)



జూలై మాసపు రెండవ ఆదివారమున అనేక దేశములలోని సంఘములు సముద్రముమీద పనిచేయువారి కొరకు ప్రత్యేకముగా ప్రార్థించుచున్నవి. పలమనేరు వారికి సముద్రముతో ఏమి పని అని మీరడుగవచ్చును. మనది మొగిలి ఘాటు ఎక్కి వచ్చు ఊరు. మనకు తెలిసినది టమేటా మండి, చెనిక్కాయ చేను, పట్టుపురుగుల షెడ్డు, ఎండిపోయిన బోరు. మన పెద్దలలో అనేకులు సముద్రమును ఒక్కసారియైనను చూచియుండలేదు.

అయినను సువార్త మన యొద్దకు సముద్రము దాటియే వచ్చినది. 1853లో ఆర్కాటు మిషను ఏర్పడిన కాలమున మద్రాసులో ఓడలు ఆనుకొనుటకు రేవు లేదు. ఓడ దూరముగా లంగరు వేసికొనగా, మేకులు లేకుండ కొబ్బరి పీచుత్రాటితో కుట్టిన మసూలా పడవలలో అలలమీద ఎగిరిపడుచు మనుష్యులు ఒడ్డు చేరుచుండిరి. ఆ పడవలు నడిపిన బెస్తవారి పేర్లు మన సంఘ చరిత్రలలో లేవు. వారు లేనిదే ఒక్క మిషనెరీయు ఇసుకమీద కాలు పెట్టియుండడు.

ఇప్పుడు మన బిడ్డలు ఆ సముద్రముమీదికే పనికి పోవుచున్నారు. హోటలు పని నేర్చుకొని, ఏజెంటుకు డబ్బు కట్టి, విహారయాత్రల ఓడలలో గదులు శుభ్రపరచు పనికో వంటశాల పనికో చేరుచున్నారు. మన సంఘములోని అట్టి యొక కుటుంబమునుగూర్చియే మేమీ నెల వ్రాయదలచితిమి. తలిదండ్రులు అనుమతించిరి, పేర్లు మాత్రము వ్రాయము.

కొంతకాలము క్రిందట ఒక బుధవారము రాత్రి ఆ తల్లి మా యింటికి వచ్చినది. “అయ్యగారూ, మా అబ్బోడి ఓడ శనివారం చెన్నైకి వస్తాదంట. తెల్లార్తో వచ్చి సాయంత్రమే పోతాదంట. ఇంత దగ్గరికొచ్చి ఇంటికి రాకుండా పోతాడంట. మీరన్నా ఒక మాట చెప్పండయ్యా” అని ఏడ్చినది. కుమారుడు ఇల్లు విడిచి అప్పటికి ఏడు నెలలు దాటినది. మేము శుక్రవారము రాత్రి బస్సుకు వారితో బయలుదేరితిమి. ఆమె వేయించిన చెనిక్కాయలు, నిమ్మకాయ ఊరగాయ, పాతచీర ముక్కలో కట్టిన సంగటి ముద్దలు తెచ్చినది. మేము బైబిలు తీసికొంటిమి. దారి పొడవునా ఆ యువకునికి చెప్పవలసిన మాటలు సిద్ధపరచుకొంటిమి. అవన్నియు గద్దింపు మాటలే. ఆదివారమును మరచినవారినిగూర్చి, పెద్దలను మరచినవారినిగూర్చి, ధనాపేక్షనుగూర్చి మాకు మాటలకు కొదువ ఎన్నడును లేదు.

తెల్లవారి ఆరు గంటలకు రేవు ద్వారము చేరితిమి. పాసు లేనివారిని లోపలికి విడువరు. ఎదుట గోడ, గోడపైన ఓడ కనబడుచుండెను. మన తాలూకా ఆఫీసులను పది ఒకదానిమీద ఒకటి పేర్చినట్లుండెను. ఎనిమిదాయెను, పదియాయెను. పెట్టెలతో సంతోషముగా దిగి టాక్సీలలో పోవువారిని చూచితిమి. మధ్యాహ్నమునకు క్రొత్త యాత్రికులు పెట్టెలతో రాసాగిరి. మా వాడు రాలేదు. ఆ తండ్రి ఎండలో గొంతుకూర్చుండి ఒక్క మాటయు పలుకలేదు. మా హృదయములో మాత్రము కోపము పెరుగుచుండెను.

ఒంటిగంటన్నరకు అతడు పరుగెత్తుచు వచ్చెను. తెల్లని చొక్కా వీపున తడిసి అంటుకొనియుండెను. తల్లి మొదట అతని ముఖమును చూడలేదు, చేతులు పట్టుకొని చూచినది. శుభ్రపరచు మందులకు వేళ్లు చీలియుండెను. “నాయినా, ఇదేంది” అన్నది. “ఏం లేదుమా, చలువ చేస్తే పోతాది” అన్నాడు. అతనికి ముప్పది నిమిషములు మాత్రమే సెలవు. నిలువబడియే సంగటి తినెను.

తినుచు అతడు చెప్పిన సంగతులు మీరును వినవలెను. ఒక యాత్ర ముగిసి మరియొక యాత్ర మొదలగు ఆ దినమే ఓడ పనివారికి అన్ని దినములకంటె కఠినమైనది. ముందటి రాత్రియే యాత్రికుల పెట్టెలు గదుల వెలుపలినుండి దింపవలెను. ఉదయము వారు దిగిపోగానే దుప్పట్లు, తువాళ్లు, గలీబులు సమస్తము మార్చవలెను. స్నానపుగదులు కడుగవలెను. ఒక ప్రక్క చెత్త దిగుచుండగా మరియొక ప్రక్క కూరగాయలు, మాంసము, నీళ్లు, నూనె ఎక్కుచుండును. అతని వంతు పదునెనిమిది గదులు. ఉదయము వెళ్లినవారు అక్కడ పండుకొనిరనుటకు గుర్తేమియు మిగులక, మధ్యాహ్నము వచ్చువారు తమ కొరకే ఆ గది కట్టబడెనని అనుకొనునట్లు చేయవలెను. యాత్రికులకు అది రేవు దినము. అతనికి రేవు అనగా గోడయొద్ద ఈ ముప్పది నిమిషములే.

“ఈ ముప్పై నిమిషాలు కూడా నావి కావయ్యగారూ. నాకింకా నాలుగు గదులుండాయి. మా పైఆయన ఫిలిప్పీన్స్ ఆయన. మా అమ్మానాయన గేటు కాడుండారని తెలిసి, నువ్వు పో, ఆ నాలుగూ నేను చేస్తానన్నాడు.”

ఆ మాట విన్నప్పుడు మేము దారి పొడవునా సిద్ధపరచుకొన్న ప్రసంగమంతయు మాలో ఎండిపోయెను. యూలి అను శతాధిపతి మాకు జ్ఞాపకమునకు వచ్చెను. పౌలు ఖైదీగా ఓడమీద కొనిపోబడుచుండగా మరునాడు ఓడ సీదోనులో ఆగెను. ఆ రోమా సైనికుడు పౌలును దయగా చూచి, స్నేహితుల యొద్దకు వెళ్లి వారి పరామరికను పొందుటకు అతనికి సెలవిచ్చెను. ఖైదీని విడిచిపెట్టు అధికారము యూలికి లేదు. ప్రయాణమును ఆపు అధికారమును లేదు. అతని చేతిలోనున్నది రేవులో కొంత సమయము. దానిని ఇచ్చెను. ఆ పైఅధికారి ఏ సంఘమువాడో మేమడుగలేదు.

పౌలు ప్రయాణములలో ఇట్టి రేవు దినములు ఎన్ని ఉన్నవో లెక్కించి చూడుడి. పతరలో ఓడ మారిరి, మూరలో ఓడ మారిరి, తొలెమాయిలో ఒక దినము, సురకూసైలో మూడు దినములు, పొతియొలీలో ఏడు దినములు గడపిరి. మనము వాటిని ఊరి పేర్లని దాటించి చదువుదుము. మేమును సెమినెరీలో వాటిని పటములో గీతలు గీయుటకే నేర్చుకొంటిమి. అయితే తూరు పట్టణమునుగూర్చిన నాలుగు వచనములను నిదానముగా చదువుడి. ఓడ అక్కడ ఆగినది పౌలు కొరకు కాదు, సరకు దిగుమతి కొరకు. ఆ వ్యవధిలో పౌలును అతనితోనున్నవారును ఏమి చేసిరి? శిష్యులను వెదకి కనుగొనిరి. ఏడు దినములు వారితో నుండిరి. ఆ శిష్యులలో ఒక్కరి పేరును లూకా వ్రాయలేదు.

అక్కడ ఒక వివాదమును కలిగెను. తూరు శిష్యులు యెరూషలేమునకు పోవద్దని పౌలుతో చెప్పిరి. పౌలు ఆగలేదు. ఎవరి మాట సరియైనదని లూకా అక్కడ తీర్పు చెప్పలేదు. తీర్పు లేకయే వారందరు, భార్యలును పిల్లలును కూడ, పట్టణము వెలుపలివరకు వచ్చి సముద్రతీరమున మోకాళ్లూనిరి.

చెన్నై గోడయొద్దను అదియే జరిగినది. తల్లి, “చాల్లే నాయినా, ఇంటికి రా, ఉన్నదాంట్లో తిందాం” అన్నది. అతడు, “ఎట్ల వస్తానుమా, బోరుకు చేసిన అప్పు అట్లే ఉంది, చెల్లెలి పెండ్లి ఉంది, ఇంకో రెండేండ్లు” అన్నాడు. ఆమె ఒప్పుకొనలేదు. అతడు తలవంచలేదు. మేము ఏ ప్రక్కను మాటాడలేదు. ఎనిమిది వందల అడుగులు తవ్వించి దుమ్ము మాత్రమే చూచిన రైతు ఇంటి సంగతి మాకును తెలియును. లారీలు పోవుచుండగా మేము నలుగురము గోడనీడను నిలిచి ప్రార్థించితిమి. అప్పుడతడు మెల్లగా, “అయ్యగారూ, సంస్కారం తీసుకొని ఏడు నెలలయింది. తెచ్చినారా?” అని అడిగెను.

మేము తేలేదు. గద్దింపు తీసికొని పోతిమి, రొట్టె తీసికొని పోలేదు. ఇది మా తప్పు. సంఘమునెదుట ఒప్పుకొనుటకే దీనిని వ్రాయుచున్నాము.

ఊరగాయ సీసా ఓడలోనికి తీసికొనిపోరాదట. దానిని మరల తల్లి చేతిలోనే పెట్టి వెళ్లిపోయెను. చెనిక్కాయలు మాత్రము జేబులలో పోసికొనెను.

ఇదే సంగతికి రెండవ ప్రక్కయు మాకు తెలిసినది. మన సంఘములో విశ్రాంత ఉపాధ్యాయురాలైన యొక తల్లి, ఆమె భర్త, హ్యూస్టనులోనున్న కుమార్తె యింటికి పోయినప్పుడు గాల్వెస్టన్ రేవునుండి వెంటవెంట రెండు విహారయాత్రలు చేసిరి. మధ్యనున్న దినమున సామాను గదిలోనే ఉండవచ్చును గాని, మనుష్యులందరు దిగవలెనట. ఓడలో పాత యాత్రికులు ఒక్కరును లేరని లెక్క తేలిన తరువాతనే మరల ఎక్కనిత్తురట. తిరిగి ఎక్కినప్పుడు ఆ ఓడ ఖాళీగా, నిశ్శబ్దముగా ఉండెననియు, ఆరు దినములుగా తమ గదిని సవరించుచున్న అబ్బాయి నడవలో దుప్పట్ల గుట్టపై తల ఆన్చి ఒక నిమిషము కన్నులు మూసికొనియుండెననియు ఆమె చెప్పినది. ఆమె అప్పటివరకు అతని పేరు అడుగలేదట. ఆ దినమే అడిగినదట.

ఆమె మరియొక సంగతియు చెప్పి నవ్వినది. ప్రాణరక్షణ పడవల అభ్యాసమును రెండవసారియు చేయుమనగా విసుగుకొన్నదట. 2012 జనవరి 13న కోస్టా కాంకోర్డియా అను ఓడ ఇటలీయొద్ద బండకు తగిలి 32 మంది మరణించిరి. ఆ సాయంత్రమే ఎక్కిన యాత్రికులనేకులకు ఆ అభ్యాసము ఇంక జరుగలేదు. 2015 నుండి ఓడ బయలుదేరుటకు ముందుగానైనను బయలుదేరగానైనను అభ్యాసము జరుగవలెనని నియమము వచ్చినది. ఈ సంగతి తెలిసిన పిదప ఆమె విసుగుకొనుట మానినది.

ఓడ పనివారి విషయమైయు నియమములున్నవి. 2006లో చేయబడి 2013లో అమలునకు వచ్చిన అంతర్జాతీయ ఒప్పందము ప్రకారము, సాధారణముగా ఇరువదినాలుగు గంటలలో పది గంటలకు తక్కువ కాకుండ, వారమునకు 77 గంటలకు తక్కువ కాకుండ వారికి విశ్రాంతి ఉండవలెను. పని అనుమతించినంతవరకు ఒడ్డునకు దిగు సెలవును ఇయ్యవలెను. మన బిడ్డలను పంపువారు సంతకము పెట్టకముందు ఈ సంగతులు తెలిసికొనుడి. 1856 నుండి నావికుల మధ్య పనిచేయుచున్న మిషన్ టు సీఫేరర్స్ అను సంస్థవారు అనేక రేవులలో కేంద్రములు నడుపుచున్నారు. ఎగురుచున్న దేవదూత వారి గుర్తు. బిడ్డ బయలుదేరునప్పుడు పెట్టెలో బైబిలుతోపాటు ఈ గుర్తు గీసిన కాగితమొకటి పెట్టుడి. అది కనబడిన తలుపు తట్టవచ్చునని చెప్పుడి.

మన సంఘమువారు చేయవలసినది చిన్నదే. ఓడలమీదనున్న మన బిడ్డల పేర్లను, వారి రేవు దినములను వేరు పుస్తకములో వ్రాయుచున్నాము. ఇంటివారు తేదీలు తెలియజేయుడి. చెన్నైకి గాని విశాఖపట్టణమునకు గాని ఓడ వచ్చినయెడల ఇద్దరు పెద్దలు తలిదండ్రులకు తోడుగా పోవుదురు. సంస్కార పాత్రల చిన్న పెట్టెను సిద్ధపరచి వేదికయొద్ద ఉంచితిమి.

ఆ యువకుడు ఇప్పుడు వేరొక ఓడలో స్పెయిను దేశపు బార్సిలోనా రేవునుండి తిరుగుచున్నాడు. అతని రేవు దినము ఆదివారము. అక్కడ ఉదయము పది గంటలకు, మనకు మధ్యాహ్నము ఒంటిగంటన్నరకు, అతనికి పది నిమిషములు దొరకును. గత ఆదివారము ఆరాధన ముగిసినను సండేస్కూలు పిల్లలు ఇండ్లకు పోక వేపచెట్టు క్రింద కూర్చుండిరి. ఫోను మ్రోగగానే తల్లి దానిని వారి మధ్యను ఎత్తి పట్టుకొనెను. పిల్లలందరు ఒక్కసారిగా అన్నా అని కేకవేసిరి. అతడేమి చెప్పెనో ఆ గోలలో మాకు వినబడలేదు.